దాపుపెట్టె: చెరువుగట్టున నొక వినోదము, ఒక బాధ్యత

ఈ సంచికను చేతబట్టి చదువుచున్న తలిదండ్రులలో ననేకులు కుందలహళ్ళిలోను, దాని చుట్టుపట్లనున్న బ్రూక్‌ఫీల్డు, మారతహళ్ళి, హూడి మున్నగు పేటలలోను కాపురముండువారే. పిల్లల చేతికి సెల్‌ఫోను వచ్చిన పిమ్మట ఇంట కూర్చుండి ఆడు ఆటలు పెరిగి, కాళ్ళకు పని చెప్పు ఆటలు తగ్గినవని మనమందరము విచారించుచున్నాము. అట్టి తరుణమున, ఆ ఫోనునే చేతబట్టి ఆరుబయట నడచి ఆడవలసిన ఆట యొకటి కలదని విన్నచో ఎవరికైనను సంతోషము కలుగును. దానిని జియోకాషింగ్ అందురు. ఒకరు ఒక చిన్న పెట్టెను ఒకచోట దాచి, ఆ చోటియొక్క అక్షాంశ రేఖాంశములను ప్రకటింతురు. తక్కినవారు ఆ అంకెల వెంబడి నడచివచ్చి, పెట్టెను వెదకి కనుగొని, అందలి పుస్తకమున తమ పేరును తేదీని వ్రాసి, పెట్టెను మరల యథాస్థానమున నుంచి పోవుదురు. ఆట ఇంతియే.

ఆట ఇంతియే గాని, మన పేటలో దాని చిక్కు ఇంతటితో తీరదు. 2024వ సంవత్సరము మార్చి 1వ తేదీ మధ్యాహ్నము ఈ ప్రాంతముననే ఒక ఫలహారశాలలో ఎవడో విడిచిపోయిన సంచిలోని బాంబు పేలి పలువురు గాయపడిరి. ఆ దినమున ఇంటింట కలిగిన కలవరము మనలో నెవ్వరును మరచియుండరు. అప్పటినుండి మన పిల్లలకు ఇంటిలోను బడిలోను పదేపదే చెప్పుచున్న మాట యొక్కటే: దిక్కులేక పడియున్న సంచిని గాని పెట్టెను గాని ముట్టరాదు, దూరముగా జరిగి పెద్దలకు చెప్పవలెను. ఈ యాటయో, చెట్టుచాటున నున్న పెట్టెను వెదకి, తీసి, మూత తెరువుమని చెప్పును. ఒకే బిడ్డకు ఈ రెండు బుద్ధులును ఎట్లు చెప్పగలము? గతసంవత్సరము ఈ ప్రశ్నను నన్ను ముగ్గురు నలుగురు తల్లులడిగిరి. దానికి నాకు తోచిన సమాధానమును, దానిని నేను నేర్చుకొనిన తీరును ఇచట విన్నవింతును.

మొదట ఈ యాట పుట్టుపూర్వోత్తరములు. ఆకాశమున తిరుగు జీపీయస్ ఉపగ్రహముల వ్యవస్థ అమెరికా సైన్యముచే నిర్మింపబడినది. సామాన్యజనులకందు సంకేతములలో కొంత తప్పును వారు బుద్ధిపూర్వకముగనే కలిపి పంపుచుండిరి. అందువలన సామాన్యుని యంత్రము చూపు స్థానము సుమారు 100 మీటర్ల వరకు తప్పుచుండెడిది. 2000వ సంవత్సరము మే నెల మొదటి దినములలో ఆ దేశాధ్యక్షుడు క్లింటన్ నిర్ణయము ననుసరించి ఆ కలిపిన తప్పును తొలగించిరి. ఒక్క రాత్రిలో లోకమునందలి యంత్రములన్నియు నిజమునకు దగ్గరగా చెప్పసాగినవి. దీనిని పరీక్షింపగోరి డేవ్ ఉల్మర్ అనునతడు మే 3వ తేదీన ఆరెగాన్ రాష్ట్రమున బీవర్‌క్రీక్ అను గ్రామము చెంత అడవిదారి ప్రక్క ఒక బాల్టీని దాచి, దాని స్థానమును అంకెలలో ప్రకటించెను. మైక్ టీగ్ అనునతడు దానిని మొట్టమొదట కనుగొనెను. ఆ నెల ముగియులోపలనే ఆటకు ‘జియోకాషింగ్’ అను పేరు ఏర్పడినది. ‘జియో’ అనగా భూమి. ‘కాష్’ అనునది దాచుట యను నర్థముగల ఫ్రెంచి ధాతువునుండి వచ్చినది. నేడు ఇట్టి పెట్టెలు లోకమున ముప్పది లక్షలకు పైగా నున్నవి. అంటార్కిటికాలో సైతము కలవు.

ఇది పూర్తిగా క్రొత్త సంగతి యనుకొనరాదు. ఇంగ్లండు దేశమున డార్ట్‌మూర్ అను బీడుభూములలో 1854వ సంవత్సరమున ఒక మార్గదర్శి, దుర్గమమగు నొక మడుగు చెంత సీసా నుంచి, అచటి వరకు నడచివచ్చినవారు తమ చీట్లను అందు వేసిపోవు నాచారమును ప్రారంభించెను. మన పల్లెలలో ఆడపిల్లలు ఇసుకను పొడవుగా ప్రోవుచేసి, అందు పుల్లను దాచి, ఎదుటివారిని చేతులతో మూసి వెదకుమనుటయు నిట్టిదే గదా! లంకెబిందెల కథలు విననివారు మనలో నుండరు. దాచుటయు వెదకుటయు మనుష్యజాతికి పుట్టుకతో వచ్చిన ముచ్చట. క్రొత్తదనమంతయు అంకెలలోనే యున్నది.

ఆ అంకెల సంగతి పిల్లలకు చెప్పదగినది. కుందలహళ్ళి సుమారు 12 డిగ్రీల 58 నిమిషముల ఉత్తర అక్షాంశమున, 77 డిగ్రీల 43 నిమిషముల తూర్పు రేఖాంశమున నున్నది. అక్షాంశమున ఒక డిగ్రీకి నేలమీద సుమారు 111 కిలోమీటర్లు. దానిని అరువదిగా భాగించిన ఒక నిమిషమునకు సుమారు 1.85 కిలోమీటరు. నిమిషమును మరల వేయి భాగములు చేసినచో ఒక్కొక భాగము సుమారు 1.85 మీటరు, అనగా ఒక మనుష్యుని నిలువెత్తు. ఆటగాండ్రు నిమిషములో వేయవవంతు వరకు వ్రాయుదురు. తరగతిలో నీరసముగ తోచు దశాంశ భిన్నమునకు చెరువుగట్టున ప్రాణము వచ్చును. మూడవ స్థానమున నొక అంకె తప్పిన పెట్టె దొరకదు!

స్థానమును యంత్రమెట్లు కనుగొనునో గూడ చెప్పవలెను. సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగు ఉపగ్రహములు తామెచట నున్నవో, ఏ క్షణమున పలుకుచున్నవో నిరంతరము చాటుచుండును. ఆ సంకేతము మన ఫోనునకు చేరుటకు పట్టిన కాలమును బట్టి దూరమును లెక్కింతురు. నాలుగు ఉపగ్రహముల దూరములు తెలిసినచో మనము నిలిచిన చోటు తేలును. సంకేతము వెలుతురు వేగముతో ప్రయాణించును గావున, కాలమున సెకనులో పదిలక్షలవవంతు తప్పు వచ్చినను దూరమున 300 మీటర్ల తప్పు వచ్చును. పైవాతావరణపు పొరలలో సంకేతము కొంచెము ఆలస్యమగుటవలనను తప్పు కలుగును. భూమధ్యరేఖకు చేరువనున్న మన దేశమున ఈ ఆలస్యము అధికము.

ఇచట మన పేట కొక ప్రత్యేక గౌరవము కలదు. విమానములకు నమ్మకమైన మార్గము చూపుటకై భారత అంతరిక్ష పరిశోధన సంస్థయు, భారత విమానాశ్రయ ప్రాధికార సంస్థయు కలిసి ‘గగన్’ అను వ్యవస్థను నిర్మించినవి. దేశమున వేర్వేరు చోట్ల 15 పరిశీలక కేంద్రములు కలవు. ఆ కేంద్రములు నిలిచిన చోట్లు ముందే సూక్ష్మముగా కొలువబడియున్నవి. ఉపగ్రహముల సంకేతములను అవి గ్రహించి, ఆ కొలతలను ప్రధాన కేంద్రమునకు పంపును. ఆ ప్రధాన నియంత్రణ కేంద్రము మన కుందలహళ్ళిలోనే యున్నది. ఇచట లెక్కింపబడిన సవరణలు పైనున్న భూస్థిర ఉపగ్రహములకు చేరి, అచటనుండి దేశమంతటికిని ప్రసారమగును. 2015వ సంవత్సరము ఏప్రిలులో విమానములను దింపుటకు సైతము ఈ వ్యవస్థకు ఆమోదము లభించినది. దారి చూపు సంకేతముల తప్పును దిద్దు గ్రామము మనది. గురుతించిన చోటును వెదకు ఆటను ఇచటి పిల్లలు నేర్చుకొనుట యెంతయు సముచితము. అయితే ఆ కేంద్రపు ఆవరణ సమీపమునకు ఈ యాటతో పోరాదని యిప్పుడే చెప్పియుంచుచున్నాను. కారణమును ముందు చెప్పెదను.

ఇక పెట్టె నెచట దాచవలెను? కొత్తవారు సాధారణముగ ఒక అందమైన చోటును చూచి మురిసి, అచట దాచి, ఇంటికి పోయెదరు. పెట్టె దాచినవాడు దానిని తరచుగా వచ్చి చూచుకొనవలెనని ఈ యాట నిబంధన. వానకు తడిసినచో మార్చవలెను. పుస్తకము నిండినచో క్రొత్తది పెట్టవలెను. పోయినచో పోయినదని ప్రకటింపవలెను. అందుచేత విహారయాత్రకు పోయిన దూరదేశములలో పెట్టెలను దాచుటకు అనుమతింపరు. ఇల్లలకగనే పండుగ కాదన్నట్లు, దాచుటతో పని ముగియదు. కావున మనము వారము వారము ఏదో యొక సేవకై తప్పక పోవు చోటు కలదే, అదియే పెట్టెకు తగిన చోటు. గ్రంథాలయమున పుస్తకములు సర్దువారికి గ్రంథాలయపు తోట, వృద్ధాశ్రమమునకు పోవువారికి దాని ముంగిలి, చెరువుగట్టున చెత్త యేరువారికి చెరువుగట్టు. పెట్టెను చూచుటకు వేరుగా పోనక్కరలేదు. పైగా పెట్టెను వెదకుచు వచ్చినవారు ఆ చోటును, ఆ సేవను కన్నులార చూచెదరు. ఈ యాటగాండ్రలో 2002వ సంవత్సరమునుండి ఒక మంచి యాచారము కలదు: వెదకబోవునప్పుడు ఒక సంచి గొనిపోయి, త్రోవలోని చెత్తను ఏరుకొని రావలెను. చెరువుగట్టున దీనికి మించిన యాట యేమి కలదు?

నేనును ఆదివారములందు తెల్లవారుజామున కొందరు మిత్రులతో కలిసి మన చెరువుగట్టున చెత్త యేరుచుందును. పెద్ద నది లేని బెంగుళూరునకు చెరువులే జీవనాధారమై యుండెడివి. పూర్వులు త్రవ్వించిన ఆ చెరువులలో కొన్ని పూడిపోయినవి, కొన్ని బస్టాండులైనవి, మైదానములైనవి. మిగిలినవానిని కాపాడుకొనుట ఈ నేల నీరు త్రావు మనకందరకు విధి. మనము వేరుభాష యింట మాటలాడువారమైనను, చెరువునకు భాషాభేదము లేదు గదా!

2024వ సంవత్సరపు వానకాలము ముగిసిన పిమ్మట, పిల్లల కొక ముచ్చట తీర్చవలెనని నేనొక పెట్టెను సిద్ధపరచితిని. అది మా యింటి పాత డబ్బా. మూత జారకుండుటకై నల్లని టేపును గట్టిగా చుట్టితిని. ఆకులలో కనబడకుండుటకు ముదురు రంగు పూసితిని. ఒక శనివారము సాయంకాలము ఎవరును చూడకుండ గట్టుమీది రాళ్ళ సందున నుంచి, మరునాడు పిల్లలచే వెదకింపవచ్చునని సంతోషముతో నింటికి వచ్చితిని. చెప్పినచో దాచుట యెట్లగునని నా తలంపు.

మరునాడు వేకువను పోయి చూచునప్పటికి, అచటి తోటమాలి ఆ రాళ్ళకు ఇరువది యడుగుల దూరమున నిలిచి, కర్రను అడ్డముగా పట్టుకొని, వాహ్యాళికి వచ్చినవారిని వెనుకకు మరలించుచుండెను. అతడు ముళబాగిలు ప్రాంతమునుండి వచ్చిన తెలుగువాడు, అరువదియేండ్లు పైబడినవాడు. నన్ను చూచి “అటు పోవద్దు సార్, ఎవరో ఏదో పెట్టి పోయినారు. పోలీసువాళ్ళకు చెప్పమని మనిషిని పంపినాను” అనెను. నాకు మొదట నవ్వు వచ్చెను. పిమ్మట అతని చేతివంక చూచితిని. కర్ర పట్టిన ఆ చేయి వణకుచుండెను. ఆ ముసలివాడు భయపడుచునే, మన పిల్లలకును ఆ పెట్టెకును నడుమ నిలిచియుండెను. నా నవ్వు అచటనే చచ్చినది.

అది నాదేయని చెప్పి, నేనే తీసి, మూత తెరచి చూపితిని. లోపల నొక చిన్న పుస్తకము, పెన్సిలు, నాలుగు గోళీలు. వెంటనే పోలీసులకు పోయిన మనిషిని వెనుకకు పిలిపించితిమి. తోటమాలి నన్ను కోపించలేదు. గట్టుమీద కూలబడి, “చెప్పి పెట్టింటే నేనే కాపలా కాసేవాణ్ణి గదా సార్!” అని మాత్రము అనెను.

ఆ యొక్క మాటలో ఈ యాట ధర్మమంతయు ఇమిడియున్నది. పెట్టెను వెదకువారికి దాచవలెను. ఆ చోటును కాచువారికి దాచరాదు. నేను ఆరునెలలుగా ఆ చెరువునకు సేవ చేయుచున్నాననుకొనుచుంటిని. కాని అచట నిజముగా కాపున్నవానిని ఒక్క మాట యడుగవలెనని నాకు తోచలేదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. నే నడుగక తీసికొనినది అతని మనశ్శాంతిని.

ఇది నా యొక్కని పొరపాటు మాత్రమే కాదు. ఇంగ్లండు దేశమున వెదర్బీ అను చిన్న పట్టణమున 2011వ సంవత్సరమున ఒక మనుష్యుడు వీధిలో వంగి చిన్న పెట్టెను దాచుటను చూచినవారు పోలీసులకు తెలిపిరి. వీధులు ఖాళీ చేయింపబడినవి. సైన్యపు నిపుణులు వచ్చి ఆ పెట్టెను పేల్చివేసిరి. పిమ్మట తెలిసిన దేమన, అది ఈ యాట పెట్టెయే. అంగళ్ళు మూతపడినవి, జనులు భయపడిరి. ఈ కారణముచేతనే విమానాశ్రయములు, రైలుమార్గములు, వంతెనలు, సైనిక స్థలములు, ప్రభుత్వ కార్యాలయములు, పాఠశాలలు మొదలగువాని చెంత పెట్టెలు దాచుట తగదందురు. మన పేటలో 2023వ సంవత్సరము మార్చి 25వ తేదీన ప్రారంభమైన మెట్రో మార్గపు స్తంభములును, స్టేషను పరిసరములును, ఇందాక చెప్పిన గగన్ కేంద్రమును ఈ పట్టికలోనివే.

ఆ తోటమాలి మాట విన్న పిమ్మట మేము మరల మొదటినుండి ప్రారంభించితిమి. ఆసక్తి గల తలిదండ్రుల కొరకు ఆ క్రమమును చెప్పుచున్నాను.

మొదటిది అనుమతి. స్థలము ఎవరి యధీనమున నున్నదో వారిని అడుగవలెను. నగరపు చెరువులు సాధారణముగ నగర పాలనసంస్థ చేతిలో నుండును. 2025వ సంవత్సరము సెప్టెంబరులో బృహత్ బెంగుళూరు మహానగర పాలిక స్థానమున గ్రేటర్ బెంగుళూరు ప్రాధికారమును, దాని క్రింద అయిదు నగర పాలికలును ఏర్పడినవి గావున, ఇప్పుడు ఎవరి నడుగవలెనో ముందుగా విచారించుకొనవలెను. అధికారి యనుమతి చాలదు. తోటమాలికి, కాపలావానికి, అచట సేవ చేయు తక్కిన మిత్రులకు పెట్టెను తెరచి చూపి, ఉంచు చోటును గూడ చూపవలెను. కాపలావారు మారినప్పుడు క్రొత్తవారికి మరల చూపవలెను. ఈ మాటలాడుటకు కన్నడము రావలెను. మన పిల్లలకు ఇరుగుపొరుగుల భాష నేర్చుకొనుటకు ఇంతకన్న మంచి సందర్భ ముండదు. మేము రెండవసారి పోయినప్పుడు పిల్లలే కన్నడమున విన్నవించిరి. కాపలావాడు వారి తప్పులను నవ్వుచు దిద్దెను.

రెండవది పెట్టె. లోపలి వస్తువులు బయటికి కనబడునట్టి తేటయైన ప్లాస్టిక్ డబ్బా శ్రేష్ఠము. మూత బిగుతుగా నుండి నీరు చొరకుండవలెను. టేపు చుట్టిన డబ్బాలు, ఇనుపపెట్టెలు, గొట్టములు, తీగెలు పనికిరావు. పైన కన్నడము, తెలుగు, ఆంగ్లము అను మూడు భాషలలో, కన్నడము మొదట నుండునట్లు, ఇది ఆటపెట్టె యనియు, ఇందేమున్నదనియు, ఎవరితో మాటలాడవలెననియు స్పష్టముగ వ్రాయవలెను. మొదట నాకు ఇది ఆటను చెడగొట్టునని తోచినది. కాని పెట్టెను చూచిన పిమ్మటనే గదా చీటి చదువుదురు! వెదకువాని ఆనంద మేమియు తగ్గదు.

మూడవది చోటు. ఈ యాట నిర్వాహకుల నియమమును బట్టి రెండు పెట్టెల నడుమ కనీసము 161 మీటర్ల దూరముండవలెను. ఇది మైలులో పదియవ వంతు. ఒకేచోట పెట్టెలు క్రిక్కిరియకుండుటకు ఈ నియమము. నేలను త్రవ్వి పాతిపెట్టరాదు. చెరువుగట్టు విషయమున ఇది మరియు ముఖ్యము. ఎలుకబొరియంత సందునుండియే గట్టునకు గండిపడునని పెద్దలెరుగుదురు. చెట్టునకు మేకు కొట్టరాదు. తొఱ్ఱలలో పెట్టరాదు, అవి పక్షుల యిండ్లు. రాళ్ళ సందులును తగవు. అవి పాముల యిండ్లు. నీటి యంచునకు దూరముగా, నడుచు బాటకు దగ్గరగా, పిల్లవాడు వంగక తీయగల యెత్తున నుండుట మేలు. మాకు తోటమాలియే చోటు చూపెను: అతడు పనిముట్లుంచుకొను కొట్టము వెనుకనున్న కటకటాల ప్రక్క. అతడు కూర్చుండు చోటికి అది కనుచూపు మేరలోనిది.

నాలుగవది లోపలి సామగ్రి. పుస్తకము, పెన్సిలు తప్పక యుండవలెను. సిరా తడికి కరగును గాని పెన్సిలు వ్రాత కరగదు. గోళీలు, బొమ్మలు, నాణెములు వంటివి పెట్టవచ్చును. ఒకటి తీసినవాడు అంతకు తక్కువకానిది పెట్టవలెనని నియమము. తినుబండారములు పెట్టరాదు; చీమలు, ఎలుకలు, కోతులు వచ్చును. కత్తులు, అగ్గిపెట్టెలు, మందులు ఎంతమాత్రమును కూడవు. ఇవన్నియు సరిచూచిన పిమ్మట వివరములను నిర్వాహక సంస్థకు పంపవలెను. దానిని పరిశీలించి ప్రకటించువారు గూడ జీతము లేక పనిచేయు స్వచ్ఛంద సేవకులే.

ఇక తల్లులడిగిన ప్రశ్నకు వత్తును. ముట్టవద్దనుటయు, వెదకుమనుటయు పరస్పర విరుద్ధములా? ఈ రెండింటి నడుమ నున్న గీతను పిల్లలకు చూపవచ్చును. మా పిల్లలకు మేము చెప్పిన నియమములివి: ఒంటరిగా పోరాదు, పెద్దవారొకరు వెంట నుండవలెను. ఏ పెట్టెను వెదకుచున్నామో, అది ఎంతటిదో, ఏ రంగుదో ఇంటివద్దనే చదివి తెలిసికొనవలెను. చోటునకు చేరగనే చేయి చాపరాదు, కన్నులతో వెదకవలెను. కనబడిన వస్తువు చదివిన వర్ణనతో సరిపోయి, పైని చీటి చదువ వీలైననే పెద్దవారు దానిని తీయుదురు. ఏ యొక్కటి సరిపోకున్నను వెనుకకు నడచి, కాపలావానికి చెప్పి, అవసరమైన 112 అను సంఖ్యకు ఫోను చేయవలెను. దొరకక తిరిగివచ్చినచో అవమానము లేదు.

ఈ నియమములతో ఆడిన పిల్లవాడు దిక్కులేని సంచిని ముట్టువాడు కాడు. ఏలయన, ప్రతి పెట్టెకును ఒక యజమాని, ఒక వర్ణన, ఒక అనుమతి యుండవలెనని అతనికి తెలియును. అవి లేనిదానిని చూచిన వెంటనే అతనికి తేడా తెలియును. వట్టి భయముకన్న ఈ వివేకము గట్టి రక్ష యని నా యభిప్రాయము.

అనుమతి దొరకనిచో నేమి చేయవలెను? బలవంతము చేయరాదు, చాటుగా పెట్టరాదు. పెట్టె లేకుండగనే యాడు విధానమును కలదు. ఒక చోటునకు పిల్లలను నడపించి, అచటనే చూచి చెప్పగల ప్రశ్న నడుగుట. భూమి వింతలను చూపుటకై ఇట్టి యాటను అమెరికా భూవిజ్ఞాన సమాజము 2004వ సంవత్సరమున ప్రారంభించినది. మన నగరమున లాల్‌బాగు గుట్టయే దీనికి చక్కని యుదాహరణము. సుమారు మూడువందల కోట్ల యేండ్ల వయస్సుగల ఆ శిలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా ప్రకటించినది. చెరువుగట్టున నైనచో తూము లెన్ని యున్నవి, ఏ చెట్టుమీద కొంగలు వాలును, నీరు ఏ దిక్కునుండి వచ్చును అని యడుగవచ్చును. పెట్టె లేదు, భయము లేదు; నడకయు చూపును మిగులును. ఏ కాపలావానికైనను మనసున సంకోచమున్నదని తోచినచో ఈ మార్గమునే నేను మేలందును.

చివరగా పేరు సంగతి. మా పిల్లలు ‘జియోకాష్’ అనుటకు నాలుక తిరుగక తెలుగు పేరు పెట్టుమనిరి. ‘దాపుపెట్టె’ అని పెట్టితిని. దాపు అనగా చాటు. దాపు అనగా చేరువ. దాపు అనగా అండ. ముసలి తోటమాలి కొట్టము వెనుక, ఆతని చేరువను, ఆతని అండను మా పెట్టె యున్నది. మొదటి పుటలో పిల్లలు మొదట అతని పేరే వ్రాయించిరి. అతనికి వ్రాత రాదు. ఒక బాలిక అక్షరములు వ్రాసి చూపగా, వాని వెంబడి పెన్సిలుతో మెల్లగా దిద్దెను.

తలిదండ్రులారా! మీరు ఏ చోట సేవ చేయుచున్నారో ఆ చోటున నొక పెట్టె నుంచుటకు మనసైనచో తప్పక యుంచుడు. కాని పెట్టెను చేతబట్టుటకు ముందు, ఆ చోటును దినదినము కాచు మనిషి యెవరో కనుగొని, అతనితో మాటలాడుడు. ఈ వెదకులాటలో మొదట కనుగొనవలసినది ఆ మనిషినే యని విన్నవించుచు విరమించుచున్నాను.